ఏటి కబురు

మా తెలుగు సంఘం సంచిక వాళ్ళు నన్నొక వ్యాసం రాయమన్నారు. "మీ వృత్తి గురించి రాయండి, ఆ పనిలోకి వచ్చే కుర్రవాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. చీకటి పడ్డాక జనాన్ని పడవెక్కించుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగకు తీసుకెళ్ళి, పండుగప్పకు ఏ ఎర వెయ్యాలో చెప్పడం నా వృత్తి. ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్ళకు తెలుగు చదవడం రాదు. తెలుగు చదవడం వచ్చిన కుర్రవాళ్ళు ఈ పనిలోకి రారు. కాబట్టి నా సలహాల వల్ల ఎవరికీ ఏ హానీ జరగదన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

పేరు, పని

నా పేరు అప్పన్న. మా తాత విజయనగరం వైపు నుంచి ఈ మలయ్ దేశపు రబ్బరు తోటలకు వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో చెడిపోకుండా మిగిలింది దేవుడి పేరొక్కటే. దాన్ని నాకు పెట్టారు. మలయ్ నోళ్ళలో అది అరిగి అరిగి 'అపా' అయింది. మలయ్‌లో అపా అంటే 'ఏమిటి'. బతుకంతా జనం నన్ను 'అంకుల్ ఏమిటి' అని పిలిచారన్నమాట. మా ఇళ్ళలో 'ఏమిటి'ని 'ఏటి' అంటాం. ఏరుకు సంబంధించినదాన్నీ ఏటి అనే అంటాం. పేరు ఏటి, పనీ ఏటిదే. నుదుటి రాత ఇంత విడమరిచి రాయించుకున్నవాణ్ణి మా తోటల్లో నేనింకొకణ్ణి చూడలేదు.

మా నాన్న బటాంగ్ బెర్జుంటైలో తోట గుమాస్తా. నన్ను కూడా పామాయిల్ మిల్లులో కుర్చీ మీద కూర్చోబెట్టాలని ఆయన కోరిక. కూర్చోబెట్టాడు కూడా. కుర్చీకి ఇష్టమే గాని నాకు లేకపోయింది. తోట పక్కనుంచి పారే ఏరే కిందికి పోయి సముద్రంలో కలుస్తుంది. నేనూ దాని వెంటే పోయాను. ఆ తర్వాతి జీతాలు, పదోన్నతులు రాయను. పడవలో పదోన్నతి అంటే ముందు బల్ల మీంచి వెనక బల్ల మీదకు జరగడమే.

ఇక చేప. ఇక్కడ దాన్ని సియాకాప్ అంటారు. మన కోస్తాలో పండుగప్ప. దాని పేరులో పండుగా ఉంది, అప్పా ఉంది. నాకు అప్ప మాత్రమే దక్కింది. పండుగ ఎప్పుడూ దాని వంతే.

చేప పెట్టె చదవదు

నాకు పని నేర్పింది ఒక తౌకే, అంటే చైనా యజమాని. ఏటి మొగ దగ్గర ఆయనకొక రేవు, పడవలు, గాలాలు అమ్మే దుకాణం ఉండేవి. దుకాణం గోడ నిండా దొంగ ఎరలు వేలాడేవి. చెక్కతో, ప్లాస్టిక్‌తో, రబ్బరుతో చేసిన చేపలూ రొయ్యలూ. వాళ్ళు వాటిని గేవాంగ్ అంటారు, కుర్రకారు లూర్ అంటారు. మా అమ్మ 'దొంగ ఎర' అనేది, నాకదే బాగుంటుంది. అందులో నిజాయితీ ఉంది.

ఆ ఎరలు వచ్చే పెట్టెల మీద నోరు తెరిచిన చేప బొమ్మలు, మెరుపులు, అర్థం కాని జపాను అక్షరాలు. జనం బొమ్మ చూసి కొనేవాళ్ళు. తౌకే ఆనందంగా అమ్మేవాడు. పడవెక్కాక మాత్రం నా చెవిలో "పాతది ఇవ్వు" అనేవాడు. పాతది అంటే రంగు పోయి, పళ్ళ గాట్లు పడి, తారు ముద్దలా ఉండే నల్లటి ఎర.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "తౌకే, వెండి రంగుది మంచిదని సాయంత్రం నువ్వే కదా అమ్మావు?"

ఆయన నవ్వలేదు. ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. "దుకాణంలో మనిషిని పడతాం లా. పడవలో చేపని. రెంటికీ ఒకే ఎర అయితే ఎలా?" అన్నాడు. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడ అందరి అలవాటు. మళ్ళీ ఆయనే, "ఇకాన్ తక్ బాచా కోటక్" అన్నాడు. చేప పెట్టె మీద రాసింది చదవదు అని.

నా చదువంతా ఈ ఒక్క వాక్యమే. మిగతాదంతా దానికి వ్యాఖ్యానం. చేప కింద ఉంటుంది, పైకి చూస్తుంది. ఎంత చీకటి రాత్రయినా నీటికంటే ఆకాశం కాస్త తెలుపు. ఆ తెలుపు మీద నల్లటిదే బాగా కనబడుతుంది. అందుకే వెన్నెల లేని రాత్రి నల్ల ఎర వెయ్యాలి. రేవు దీపాల కింద నీళ్ళు వెలుగుతుంటే, వెలుగు సోకీ సోకనట్టుండే రబ్బరు రొయ్య వెయ్యాలి. వాన పడి ఏరు టీ రంగులోకి మారితే, లోపల గుండ్లు గలగలలాడే ఎర వెయ్యాలి. చేప వెలుగులో నిలబడదు. వెలుగూ నీడా కలిసే గీతకు నీడ వైపున, పోటుకు ఎదురుగా ముఖం పెట్టి కాచుకుంటుంది. ఎర వెలుగులోంచి నీడలోకి రావాలి. తప్పిపోయిన దానిలా రావాలి, పనుండి వచ్చిన దానిలా కాదు.

ఒకసారి ఒక పెద్ద మనిషి వచ్చాడు. ఏదో కంపెనీకి డైరెక్టరు. ఎరల పెట్టె మోయడానికే వేరే మనిషి ఉన్నాడు. రెండు విసుర్లకొక ఎర మార్చాడు. తెల్లారేసరికి ఆయన పెట్టెలో ఎరలన్నీ తడిశాయి, మా పడవ అడుగు మాత్రం పొడిగానే ఉంది. "అంకుల్ అపా, వీటిలో ఏది మంచిది?" అని అడిగాడు.

"ఎక్కువసేపు నీళ్ళలో ఉన్నది, సార్."

ఆయన మళ్ళీ రాలేదు. జవాబు సరైనదే. చెప్పిన వేళ సరైనది కాదు. ఈ పనిలో రెండూ కావాలి. కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఇదే: చేప తీసుకోకపోతే ముందు లాగే వేగం మార్చు, తర్వాత లోతు మార్చు, తర్వాత చోటు మార్చు. ఎర మార్చడం ఆఖరి పని. పెట్టె తెరిచిన ప్రతిసారీ గాలం నీళ్ళ బయటే ఉంటుంది. గాలం నీళ్ళ బయట ఉన్నంతసేపూ అది మనల్ని గేలి చేస్తూనే ఉంటుంది.

నాకూ మోజులుండేవి లెండి. ఒక ఏడాది నా చేత్తో చెక్క చెక్కి, పొలుసు పొలుసూ దిద్ది, ఒక ఎర చేశాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. పోట్లన్నీ దాన్ని విసిరాను. ఆఖరికి దాన్ని మనసారా ప్రేమించింది ఒక్క గబ్బిలం. గాల్లోనే కరుచుకుంది. దాన్ని విడిపించడానికి పట్టినంత సమయం నేను ఏ చేపకూ కేటాయించలేదు.

చెవి పని

ఎర వేసేది చేత్తోనే గాని, ఏ ఎర వెయ్యాలో చెప్పేది చెవి. చీకట్లో కంటికి పని లేదు. దీపం వేస్తే చేపా పోతుంది, మనకు చీకటికి అలవాటు పడ్డ చూపూ పోతుంది. పోటు నీళ్ళు తిరిగే వేళ ఇంజను ఆపి, పడవను తాడుకు వదిలి, ఊరికే కూర్చోవాలి. ఏరు చెబుతుంది.

ఇది నాకు నేర్పింది తౌకే కాదు, మా అమ్మ. తోటలో నీళ్ళు పోయే కాలవల్లో వెదురు బద్దకు దారం కట్టి కొరమీనులు పట్టేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "కళ్ళు మూసుకోరా. ఇప్పుడైనాది ఏటి సప్పుడో సెప్పు" అనేది. చెప్పలేకపోతే తనే చెప్పేది.

ఆమె మాటలే నేను ఏటి మొగకు తెచ్చుకున్నాను. దభీమంటే పెద్ద చేప, పరిగెత్తే చేపను కొట్టింది. అప్పుడు జానెడు ఎర, నీటి పైపైన. గుటుక్కుమంటే ఒక మాదిరి చేప, రొయ్యను పీల్చి మింగింది. అప్పుడు వేలెడు ఎర, నీటికి కాస్త లోపల. బుడుంగుమంటే ఉడుమో, రాలిన కొబ్బరికాయో. దానికి ఎర వెయ్యకు. ఆఖరిది చిటుక్కు. పోపులో అన్ని ఆవాలూ పేలిపోయాక, ఆలస్యంగా లేచిన ఒక్క ఆవగింజ పేలుతుందే, అది. అంత చిన్న చప్పుడు. గోరంత రొయ్యపిల్లలు నీటి మీదకు వచ్చినప్పుడు పండుగప్ప పెదవి కూడా సరిగా తెరవకుండా వాటిని ఒక్కొక్కటే లాగేసుకునే చప్పుడు అది.

'చేప పేచీ పెడుతోంది' అని జనం విసుక్కునే రాత్రులన్నీ చిటుక్కు రాత్రులే. పేచీ లేదు, పాడూ లేదు. వేయించిన సెనగలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నవాడి ముందు పనసకాయ పెడితే తింటాడా? ఆ రాత్రి పెట్టెలో అన్నిటికంటే చిన్న రబ్బరు రొయ్యను తీసి, బరువు కట్టకుండా నీళ్ళ మీద వదలాలి. అంతే. మిగతా గైడ్లు ఆ రాత్రులు ఖాళీగా తిరిగొచ్చేవాళ్ళు. నేను అలా వచ్చేవాణ్ణి కాదు. జనం నాకేదో మంత్రం వచ్చనుకున్నారు. వచ్చింది నాలుగు మాటలు, అవీ అమ్మవి.

వీపులు

ఒక విషయం ముందే తెలుసుకుని రండి. ఇది చాలా ఒంటరి పని. పడవ నిండా జనం ఉన్నా ఒంటరే. మాట్లాడకూడదు. డబ్బా మూత కింద పడితే ఆ చప్పుడు పడవ అడుగులోంచి ఏరంతా పాకుతుంది. అందరూ నీళ్ళకేసి చూస్తారు, నేను వాళ్ళ వీపుల కేసి చూస్తాను. ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళు బజారులో ఎదురుగా వచ్చి పలకరిస్తే గుర్తుపట్టలేకపోయేవాణ్ణి. వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే అప్పుడు తెలిసేది ఎవరో.

నా భార్య సరోజ సుంగై సిపుట్ అమ్మాయి. తెలుగు వాళ్ళ బిడ్డే గాని తమిళంలో పెరిగింది. ఆమె లేచే వేళకు నేను పడుకునేవాణ్ణి. నేను లేచే వేళకు ఆమె దీపం పెట్టుకునేది. మా కాపురం చాలావరకు మూత పెట్టిన కంచం ద్వారా నడిచింది. పడవలో మలయ్, రేవులో చైనా వాళ్ళ మలయ్, వచ్చేవాళ్ళతో ఇంగ్లిషు, ఇంట్లో తమిళం. తెలుగు అమ్మతోనే. అమ్మ పోయాక నేను తెలుగు మాట్లాడింది చేపలతో మాత్రమే. అవీ మా పిల్లల్లాంటివే. అర్థమవుతుంది గాని జవాబు చెప్పవు.

ఏరు మూగబోయింది

తౌకే పోయాక ఒక పడవ నాదయింది. ఇంజను చూసే హఫీజ్ నాతోనే ఉండిపోయాడు. మలయ్ మనిషి, నలుగురు పిల్లల తండ్రి. మాట తక్కువ, చెయ్యి నేర్పరి. నన్ను పాక్‌చిక్ అంటాడు. వాళ్ళలో పెద్దవాణ్ణి అలా పిలుస్తారు.

ఈమధ్య కొన్నాళ్ళుగా ఏరు మాట్లాడటం మానేసింది. దభీ అప్పుడప్పుడు వినబడేది. గుటుక్కు దూరమైంది. చిటుక్కు అసలు లేదు. రొయ్యపిల్లలు రావడం మానేశాయని నేను నిర్ధారించాను. పైన ఇసుక తవ్వకాలు అన్నాను. ఫ్యాక్టరీల నీళ్ళు అన్నాను. వానలు మారాయి అన్నాను. రేవులో టీ కొట్టు దగ్గర ఈ విషయం మీద నేనిచ్చిన ఉపన్యాసాలకు తోటి గైడ్లు తల ఊపేవాళ్ళు. పెద్దవాడు చెబుతున్నాడు కదా అని.

అన్నీ పాడవుతున్నాయని నాకొక నమ్మకం కుదిరింది. ఇంట్లో కూడా అదే ధోరణి. ఒకరోజు సరోజ పోపు వేస్తుంటే, "ఈ ఆవాలు పాతవి, చిటపటలాడటం లేదు. కొట్టువాడు మోసం చేశాడు" అన్నాను. ఆమె గరిటె పట్టుకుని నా వైపు కాసేపు చూసింది.

పడవలో హఫీజ్ ఎప్పుడైనా "అడా బున్యీ, పాక్‌చిక్" అనేవాడు. చప్పుడుంది అని.

"ఏ చప్పుడు?"

"బున్యీ లా." చప్పుడంటే చప్పుడే.

"ఉంటుంది. బుడుంగు. ఉడుము" అనేవాణ్ణి. పెద్దవాడు చెబుతున్నాడు కదా అని అతనూ ఊరుకునేవాడు.

వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళు ఖాళీ చేతులతో పోయారు. ఈ కాలం దాటాక పడవ అమ్మేద్దామని హఫీజ్‌తో చెప్పాను. అతను తాడు చుడుతూ "సరే" అన్నాడు. ఆ తాడు అవసరమైనదానికంటే చాలాసేపు చుట్టాడు. ఏరు చచ్చిపోయిందని నేనంటే అతని బతుకు తెరువు చచ్చిపోయినట్టే. నాకది తెలుసు. అయినా చచ్చిన ఏటి మీద జనాన్ని తిప్పడం మోసమని కూడా తెలుసు. ఎర దొంగదైనా మనం దొంగలం కాకూడదు.

ఢిల్లీ

అప్పుడు వచ్చాడు ఢిల్లేశ్వరరావు. సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు స్నేహితులతో కలిసి వచ్చాడు. రేవులో పడవ ఎక్కబోతూ ఫోనులో భార్యతో, "ఏటి సేత్తన్నావు? తిన్నావేటి?" అన్నాడు. పెట్రోలు డబ్బా నా చేతిలోంచి జారింది. అమ్మ తర్వాత ఆ 'ఏటి' ఇంకొక నోట అలా వినడం అదే మొదలు.

"ఏ ఊరు నాయనా మీది?" అన్నాను.

వాడు ఫోను దించి నన్ను తేరిపార చూశాడు. "తెలుగా అండీ మీరు? శ్రీకాకుళం పక్క. నన్ను అందరూ ఢిల్లీ అంటారు."

"ఊరు శ్రీకాకుళం, పేరు ఢిల్లీ, ఉండేది సైబర్‌జయ. ఏ బస్సెక్కాలో నీకైనా తెలుసునా?"

"మీ పేరేటి మావయ్యా?"

"అదే."

"ఏది?"

"అపా. అంటే ఏటి. నా పేరే ఏటి."

వాడు పడవ పట్టుకుని నవ్వాడు. స్నేహితులు మళ్ళీ రాలేదు, దోమలకు భయపడ్డారు. వాడు మాత్రం ఒక్కడే వస్తూ ఉండేవాడు. వాళ్ళ నాన్న అక్కడ, వాళ్ళ ఊరి ఏటి మొగలో వల వేసి పండుగప్పలు పట్టే మనిషి. "మా అయ్య వల మీద బతికినాడు, నేను నెట్టు మీద బతుకుతన్నాను. రెండూ వలలే మావయ్యా. నాది తడవదు, అంతే తేడా" అనేవాడు. రబ్బరు రొయ్యకు పండుగప్ప పడుతుందని చెబితే వాళ్ళ నాన్న నమ్మలేదట. పడితే మీసం తీయిస్తానన్నాడట. ఆ మీసం కోసం వీడు వారం వారం వచ్చేవాడు.

పడేది కాదు. ఏం పడుతుంది? నేను చచ్చిన ఏటికి తగిన ఎరలిచ్చేవాణ్ణి. దభీమనే రాత్రులకు పెద్దవి, మిగతా రాత్రులకూ పెద్దవే. తిరుగు ప్రయాణంలో క్షమించమనేవాణ్ణి. "ఏరు మూగబోయింది నాయనా. పూర్వం ఇలా కాదు."

"ఫర్వానేదు మావయ్యా" అనేవాడు. "పడకపోతే మాత్రమేటి? ఇక్కడ మన మాట మాటాడ్డానికి మీరు తప్ప ఎవలున్నారు?"

నేను మాత్రం చేప కోసమే వస్తున్నాడనుకునేవాణ్ణి. చేప లేదు గనక రావడం మానేస్తాడని ప్రతిసారీ భయపడేవాణ్ణి. ఆ భయంలో ఇంకా పెద్ద, ఇంకా ఖరీదైన ఎర తీసిచ్చేవాణ్ణి.

ఆవగింజ

ఒకరోజు వచ్చి, ఆఫీసు వాళ్ళు హైదరాబాదు పంపేస్తున్నారని చెప్పాడు. ఇదే ఆఖరు. ఆ రాత్రి వెన్నెల లేదు. పోటు తిరిగే వేళ పాత రేవు దగ్గర ఇంజను ఆపాం. అక్కడ నీళ్ళలో రేవు గుంజల వరస ఉంది, పైన ఒక దీపం ఉంది, దాని కింద నీడ గీత ఉంది. వాడు ముందు బల్ల మీద, నేను మధ్యలో, హఫీజ్ వెనక.

నా పెద్ద నల్ల ఎర తీసి కడుతున్నాను. వాడు గుసగుసగా, "మావయ్యా, ఒకటి అడగనా? ఎప్పట్నించో అడుగుదామని. మాటాడొద్దన్నారు కదా అని ఊరుకున్నాను" అన్నాడు.

"అడుగు."

"ఈ సప్పుడేటి?"

"ఏ సప్పుడు?"

"ఇదే. చిటుక్కు, చిటుక్కుమని. అద్గో మళ్ళీ. మా అమ్మ పోపేసినట్టున్నాది."

నేను చెవి పెట్టాను. ఊపిరి బిగబట్టాను. ఏరు నల్లటి గుడ్డలా పరుచుకుని ఉంది. ఏమీ లేదు. వెనక్కి తిరిగి హఫీజ్‌ను అడిగాను, "అడా బున్యీ?"

దీపం వెలుగులో అతని ముఖం కనబడింది. అతనికి నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఎప్పుడూ ఉంటుంది కదా పాక్‌చిక్. రోజూ ఇంతే కదా" అన్నాడు.

నాకు సరోజ గరిటె పట్టుకుని చూసిన చూపు గుర్తొచ్చింది. ఆవాలు మంచివే. కొట్టువాడు మంచివాడే. ఇసుక తవ్వకాల మీదా ఫ్యాక్టరీల మీదా నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ ఒకటొకటిగా నా ముందు నీళ్ళలో తేలాయి. ఏరు మూగది కాలేదు. బతికే ఉంది. రోజూ పిలుస్తూనే ఉంది. పలకనిది నేను.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెంటికీ సమయం లేదు. పోటు ఎక్కువసేపు ఆగదు.

"ఎటేపు?" అన్నాను.

"ఏటి?"

"ఆ సప్పుడు ఎటేపు నుంచి? ఎలుగులోనా, నీడలోనా?"

వాడు తల తిప్పి విన్నాడు. "నీడలో. మూడో గుంజ దగ్గర. ఇప్పుడు రొండు. ఒకటి సన్నగా ఉన్నాది, ఇంకోటి కొంచెం బరువు."

"బరువున్నదే మనది. అది గుంజకి ఎటు పక్క?"

"కుడి పక్క."

పెద్ద నల్ల ఎర విప్పేశాను. పెట్టె అడుగున ఏళ్ళుగా కదపని అరలో అతి చిన్న రబ్బరు రొయ్య ఉంది. ముడి వేలితోనే వేశాను. ఆ ముడికి కన్నూ అక్కర్లేదు, చెవీ అక్కర్లేదు. "దీపం అవతలికి విసురు. లాగొద్దు. ఏరే లాక్కొస్తుంది. నువ్వు దారం బిగువు మాత్రం చూసుకో."

వాడు విసిరాడు. చిన్న రొయ్య వెలుగులో ఒక్క క్షణం కనబడి, మెల్లగా నీడ గీత దాటింది.

"గుటుక్కు!" అని అరిచాడు వాడు.

నాకు వినబడలేదు. పడవ అడుగున పాదాలకు తెలిసింది. గాలం కర్ర వంగింది, దారం నీళ్ళను కోసుకుంటూ పోయింది. హఫీజ్ ఇంజను తిప్పి పడవను గుంజల నుంచి బయటికి లాగాడు. ముగ్గురం అరిచాం, మూడు భాషల్లో. నిశ్శబ్దం గురించి ఇంతసేపు ఉపదేశించినవాణ్ణే అందరికంటే గట్టిగా అరిచాను. చేప పైకి తేలినప్పుడు దీపానికి దాని కన్ను నిప్పుకణంలా ఎర్రగా వెలిగింది.

ఆ వేళప్పుడే వాళ్ళ నాన్నకు ఫోను చేశాడు. వీడియోలో చేపను చూపించాడు, నోట్లో రబ్బరు రొయ్యను చూపించాడు. "మీసం మాటేటి అయ్యా?" అన్నాడు. అటునుంచి ఏదో పెద్ద గొడవ. నాకు వినబడలేదు.

"ఏటంటన్నాడు?" అన్నాను.

"రబ్బరు తినేది పండుగప్ప కాదంట మావయ్యా. దండగప్పంట. మీసం తియ్యడంట."

అంతదూరం నుంచి మన ఏటి మనుషులే ఇలాంటి మాట అనగలరు. నేను నవ్వి నవ్వి పడవ బల్ల మీద కూర్చుండిపోయాను. కూర్చున్నాక కొంచెం సేపు లేవలేదు. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. మంచి గైడుకుండాల్సిన గుణం అది.

తర్వాత

డాక్టరు పరీక్ష చేసి, సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయని, బొంగురువి ఉన్నాయని చెప్పాడు. ఇన్నేళ్ళు ఇంజను పక్కన కూర్చున్నందుకేమో అన్నాడు. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చాడు. ఇంట్లో పరవాలేదు గాని, ఏటి మీద అది గాలినే వినిపిస్తుంది. చీకట్లో ఎదురుగా వచ్చే పడవ చప్పుడు పోల్చుకోలేనివాడు జనాన్ని ఎక్కించుకోకూడదు. నేను దిగిపోయాను. పడవ అమ్మలేదు. హఫీజ్‌కు ఇచ్చాను.

దానితోపాటు నాలుగు మాటలిచ్చాను. ఇది చదివే కుర్రవాడెవడైనా ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. హఫీజ్ చెవి నా చెవికంటే మంచిది. ఇన్నేళ్ళూ అన్నీ విన్నాడు. కానీ అతనికి అన్నీ బున్యీయే. పేరు లేని చప్పుడు చెవిలోకి వస్తుంది, వెళ్ళిపోతుంది, నిలవదు. మీరు విన్నదానికి పేరు పెట్టుకోండి. మీ భాషలో లేకపోతే పక్కవాడి భాషలోంచి తెచ్చుకోండి. పెద్దవాడు 'ఉడుము' అన్నా సరే, రెండోసారి అడగండి.

హఫీజ్ మొదట్లో సిగ్గుపడ్డాడు. ఇప్పుడు పడవ మీద గట్టిగానే అంటాడట. వచ్చిన చైనా వాళ్ళూ మలయ్ వాళ్ళూ "గుటుక్కు లా! గుటుక్కు!" అని అరుస్తున్నారని చెప్పాడు. మా మనవలకు రాని తెలుగు ఏటి మొగలో నలుగురి నోళ్ళలో నలుగుతోంది.

ఢిల్లీ హైదరాబాదు నుంచి అప్పుడప్పుడు "మావయ్యా, ఏటి కబురు?" అని రాస్తాడు. వాడు ఏ అర్థంలో అడుగుతాడో గాని, నాకు రెండు అర్థాల్లోనూ జవాబు చెప్పాలనిపిస్తుంది. నాకైతే కబురంటూ ఏమీ లేదు. నేనూ సరోజా ఇప్పుడు ఒకే వేళకు లేస్తున్నాం, ఒకే వేళకు పడుకుంటున్నాం. ఆమె మాట్లాడుతుంది, నాకు సగం వినబడదు. మూత పెట్టిన కంచం రోజుల్లో కంటే పెద్ద తేడా లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. అలవాటు పోలేదు. మేలుకుని, వినబడని ఇంట్లో కూర్చుంటాను.

అందుకని వెన్నెల లేని రాత్రుల్లో హఫీజ్ ఏటి మీంచి నాకు సందేశం పంపుతాడు. తెలుగు రాయడం రాదు కదా, వాళ్ళు మలయ్ రాసే అక్షరాల్లోనే రాస్తాడు. వాక్యం ఉండదు, ఒక్క మాటే ఉంటుంది. దాన్నే తెలుగులో రాసి ఢిల్లీకి పంపుతాను.

మొన్న కూడా అలాగే కూర్చుని ఉంటే, చేతిలో ఫోను వణికింది. చూశాను. పైకి చదువుకున్నాను.

"చిటుక్కు."

మంచినీళ్ళకు లేచినట్టుంది, వంటింట్లోంచి సరోజ గొంతు వినబడింది. ఢిల్లీ రాసేవి నేను పైకి చదవగా చదవగా ఈమధ్యే ఆమెకు అంటుకున్న తెలుగు మాట అది. బొంగురు గొంతుతో అంటుంది గనక నాకు వినబడుతుంది.

"ఏటి?" అంది.

"అవును," అన్నాను. "ఏటిదే."